చిన్న గోదురుకప్ప: పిల్లదా, పెద్దదా?

మన హాస్టల్లో ఒక్క వానకాలమైనా గడిపిన వాళ్లందరికీ ఈ జీవితో పరిచయం ఉంటుంది. స్నానాల గదుల దగ్గర నీళ్ల తొట్టి కింద, మోరీ మీది బండ సందులో, చెప్పులు విడిచిన చోట, రాత్రయితే ట్యూబ్‌లైటు కింద గోడకు ఆనుకొని కూర్చొని ఉంటుంది. పెద్ద పెద్ద గంతులు వేయదు. దగ్గరికి పోతే నాలుగు పొట్టి గంతులేసి మళ్లీ ఆగుతుంది. కొత్తగా చేరిన తమ్ముళ్లు దాన్ని చూసి "విషం కప్ప" అని అరవడం, ఎవరో ఒకరు వంటగదిలోకి ఉప్పు కోసం ఉరకడం ప్రతి ఏడాదీ జరిగేదే. ఇది చదువుతున్న పాత విద్యార్థులు, మన అన్నలు కూడా తమ రోజులు గుర్తుచేసుకొని నవ్వుకుంటూ ఉండవచ్చు.

ఈ వ్యాసం రాస్తున్న మేము నలుగురం. ఇద్దరం ఇప్పుడు హాస్టల్లో ఉన్నవాళ్లం, ఇద్దరం డిగ్రీకి పోయి సెలవుల్లో వచ్చిపోయేవాళ్లం. అందరివీ చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లే. సైన్సు పుస్తకంలో కప్ప గురించి ఎంతో ఉంది, దాని గుండెకు ఎన్ని గదులో కూడా ఉంది. కానీ మన గడప ముందు కూర్చున్న కప్ప పేరేమిటో అందులో లేదు. ఆ లోటు కొంతైనా పూడ్చాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక తేడా. వానకు చెరువులో బెకబెకమని గొంతు చించుకునేవి, పసుపు పూసుకున్నట్టు మెరిసి, చెంపల కింద నీలిరంగు బుడగలు ఊదేవి బావురుకప్పలు. వాటి చర్మం నున్నగా, తడిగా ఉంటుంది, కాళ్లు పొడుగు. మనం చెప్పుకునేది గోదురుకప్ప. దీని చర్మం గరుకు, పొడి, ఒంటి నిండా బుడిపెలు, కాళ్లు పొట్టి. కన్ను వెనుక, భుజం మీదికి ఒక ఉబ్బు ఉంటుంది. అది విషగ్రంథి. ఈ ఉబ్బు ఉంటే గోదురుకప్ప అని మొదటి మెట్టు ఎక్కినట్టే. పైదవడకు పళ్లు ఉండవు అనేది ఇంకో గుర్తు గానీ, నోరు తెరిచి చూడాల్సిన అవసరం మనకు లేదు.

మన దగ్గర బాగా కనబడేది పెద్ద గోదురుకప్ప. శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. బాగా ఎదిగిన ఆడది మన పిడికిలిని మించి ఉంటుంది. తల మీద, కన్ను చుట్టూ ఎముక గట్లు లేచి ఉంటాయి. ఆ గట్ల అంచు కాటుక దిద్దినట్టు నల్లగా ఉంటుంది. బుడిపెల కొనలూ, వేళ్ల కొనలూ నలుపే. మెలనోస్టిక్టస్ అంటే నల్లచుక్కలది అని అర్థం. దీన్ని గుర్తుపట్టడానికి ఎవరికీ కష్టం లేదు.

కష్టమంతా చిన్నదానితోనే. వానలు పడ్డాక పొలం గట్ల మీద, ఎర్రనేలల్లో, గడ్డి మొలిచిన బీళ్లలో రెండున్నర, మూడు సెంటీమీటర్ల గోదురుకప్ప ఒకటి కనబడుతుంది. ఐదు రూపాయల బిళ్ల కంటే కొంచెం పెద్దది అనుకోండి. చూసినవాళ్లంతా "కప్పపిల్ల" అని వదిలేస్తారు. నిజంగా పిల్లనే కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఎందుకంటే ఎంత తిన్నా, ఎన్ని ఏండ్లు బతికినా అంతకు మించి పెద్దగా పెరగని గోదురుకప్ప జాతి ఒకటి దక్షిణ భారతదేశంలో, శ్రీలంకలో ఉంది. దాని పేరు డట్టాఫ్రైనస్ స్కేబర్. స్కేబర్ అంటే లాటిన్ భాషలో గరుకు అని అర్థం. ఎండిన అడవులు, తుప్పలు, సాగుభూములు, పశువులు మేసే బీళ్లు దీని నివాసం. అంటే మన నేలలాంటి నేలే.

ఈ పేరు వెనుక రెండు వందల ఏండ్ల తిరకాసు ఉంది. జర్మనీలో ష్నైడర్ అనే పండితుడు ఉండేవాడు. అసలు ఆయన గ్రీకు భాషా పండితుడు, గ్రీకు నిఘంటువు కూడా తయారుచేశాడు. ఆయనే 1799లో ఉభయచరాల మీద లాటిన్‌లో పుస్తకం రాసి, అందులో మన పెద్ద గోదురుకప్పకూ, ఈ చిన్నదానికీ రెండింటికీ పేర్లు పెట్టాడు. పెద్దదాని పేరు నిలిచింది. చిన్నదాని పేరు మాత్రం కాలక్రమంలో మరుగున పడింది. 1892లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే బూలాంజే అనే శాస్త్రవేత్త దక్షిణ భారతం నుంచి వచ్చిన చిన్న కప్పలను చూసి, ఇది కొత్త జాతి అనుకొని, తిరువాన్కూరులో పనిచేసిన ఫెర్గూసన్ పేరు మీద బ్యూఫో ఫెర్గూసోనీ అని నామకరణం చేశాడు. పాత పుస్తకాలన్నింటిలో ఆ పేరే కనబడుతుంది. 1999లో పారిస్ మ్యూజియం శాస్త్రవేత్తలు డ్యుబోయి, ఓలర్ పాత నమూనాలను తిరిగి పరిశీలించి, ఫెర్గూసోనీ అన్నది ష్నైడర్ చెప్పిన స్కేబరే అని తేల్చారు. ముందు పెట్టిన పేరుకే హక్కు. అందుకని పాత పేరు మళ్లీ వచ్చింది.

ఇంతటితో ఆగలేదు. 2006లో ప్రపంచంలోని ఉభయచరాల వర్గీకరణను తిరగరాసినప్పుడు మన వైపు గోదురుకప్పలను బ్యూఫో నుంచి విడదీసి డట్టాఫ్రైనస్ అనే ప్రజాతిలో పెట్టారు. ఫ్రైనస్ అంటే గ్రీకులో గోదురుకప్ప. డట్టా అంటే ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గారు. లాటిన్ పేరు అనగానే భయపడి బట్టీ పట్టే తమ్ముళ్లు ఇది గమనించాలి. ఈ పేరులో మన దేశం మనిషి ఉన్నాడు.

సరే, చేతిలో టార్చిలైటు ఉంది, ముందర మూడు సెంటీమీటర్ల కప్ప ఉంది. ఇది పెద్దదాని పిల్లా, చిన్నజాతిలో పెద్దదా? ఎట్లా తెలుస్తుంది?

కొలత ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు. ప్రతి పెద్ద కప్పా ఏదో ఒకరోజు మూడు సెంటీమీటర్లే ఉండి ఉంటుంది. రంగును అసలే నమ్మవద్దు. ఒకే కప్ప తడి మట్టిలో ముదురుగా, ఎండిన మట్టిలో లేతగా కనబడుతుంది. తల మీది గట్లు కొంత సాయం చేస్తాయి. పెద్ద జాతిలో అవి ఎత్తుగా, నల్లటి అంచుతో ఉంటాయి. స్కేబర్‌లో తక్కువ ఎత్తులో, అంత కొట్టొచ్చినట్టు కనబడకుండా ఉంటాయి. అయితే పెద్దజాతి పిల్లల్లో కూడా గట్లు పూర్తిగా లేవవు కనుక ఇక్కడ తొందరపడితే తప్పటడుగు వేస్తాం.

మాకు అన్నింటికంటే నమ్మకంగా అనిపించిన గుర్తు వయసును చెప్పే గుర్తు. కప్పల్లో కూసేది మగది, అదీ ఈడొచ్చిన మగదే. గొంతు కింద సంచి ఉబ్బించి కూస్తున్న కప్ప మూడు సెంటీమీటర్లే ఉందంటే అది పిల్ల కాదు, ఇంటి పెద్ద. అట్లాగే జతకట్టిన జంట. మగది ఆడదాని వీపు మీదెక్కి చంకల కింద గట్టిగా పట్టుకొని ఉంటుంది. పట్టు జారకుండా దాని బొటనవేలి దగ్గర గరుకు మెత్తలు కూడా పెరుగుతాయి. ఐదు రూపాయల బిళ్లంత జీవులు అట్లా జతకట్టి కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. చిన్నజాతే. పిల్లలకు పెళ్లిళ్లు చేసే అలవాటు మనుషుల్లోనే ఉంది, కప్పల్లో లేదు.

కూతలో కూడా తేడా వినాలి. పెద్ద గోదురుకప్ప కుర్ కుర్ కుర్ అని ఒకే లయలో చాలాసేపు లాగుతుంది. చిన్నదాని గొంతు దానికంటే సన్నం. ఒకటి కూస్తే వినబడదేమో గానీ, జోరు వాన తర్వాత గుంట చుట్టూ పదులకొద్దీ చేరినప్పుడు వినబడకుండా ఉండదు.

ఇంకో ఇద్దరు చుట్టాలను కూడా చెప్పుకోవాలి. తల మీద గట్లు అసలే లేకుండా, ఏడు సెంటీమీటర్ల దాకా పెరిగే గోదురుకప్ప ఒకటుంది. దాన్ని స్టొమాటికస్ అంటారు. గట్లు లేకుండానే, ఒళ్లు చదునుగా, చర్మం నున్నగా ఉండి రాతి గుట్టల సందుల్లో బతికేది మరొకటి, హోలోలియస్. 1876లో గుంథర్ దానికి పేరు పెట్టినప్పుడు మలబారు నుంచి వచ్చిందని రాశాడు. కానీ తర్వాత అది దొరికింది మలబారు వానల్లో కాదు, ఇటువైపు ఎండిన రాతి నేలల్లో. దక్కను బండల మధ్య తిరిగే మనం కళ్లు తెరిచి చూడవలసిన జాతి అది. కాబట్టి చిన్న గోదురుకప్ప కనబడితే తల మీద గట్లున్నాయా లేవా అన్నది తప్పక రాసుకోవాలి.

అసలు గోదురుకప్పే కాకుండా గోదురుకప్పలా కనబడేది కూడా ఉంది. ఎర్రమట్టిలో బొద్దుగా, గుండ్రంగా, పెద్ద కళ్లతో కూర్చొని, ముట్టుకోబోతే వెనుక కాళ్లతో మట్టి తవ్వుకుంటూ కిందికి దిగిపోతుంది. బోరులోకి మోటారు దిగినట్టు నిలువుగా దిగుతుంది! దాని మడమ దగ్గర పార ఆకారంలో గట్టి ముద్ద ఉంటుంది. కన్ను వెనుక ఉబ్బు మాత్రం ఉండదు. ఇది మట్టి తవ్వే కప్ప, గోదురుకప్ప కాదు.

ఇక విషం సంగతి. విషం ఉన్న మాట నిజం. కన్ను వెనుక గ్రంథిని నొక్కితే తెల్లగా పాలలాంటి ద్రవం వస్తుంది. కుక్క నోట కరిస్తే నురగ కక్కుతుంది. కానీ గోదురుకప్ప తనంతట తాను దాన్ని చిమ్మదు, కరవదు, వెంటపడదు. దాన్ని నోట్లో పెట్టుకున్నవాడికే ఆ విషం. మనం పట్టుకుంటే ఏం కాదు. చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కళ్లు నలుపుకోకుంటే చాలు. దాని బుడిపెలు మనకు అంటుకుంటాయనేది ఒట్టి మాట. మనుషులకు వచ్చే పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, కప్ప వల్ల కాదు. గరుకుగా ఉంది, నల్లగా ఉంది అని ఒక ప్రాణిని అంటరానిదిగా చూడటం ఎట్లా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా?

ఉప్పు చల్లితే ఏం జరుగుతుందో తొమ్మిదో తరగతి వాళ్లకు తెలుసు, ద్రవాభిసరణ పాఠంలో చదివి ఉంటారు. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింది, తొడల దగ్గరి పలుచని చర్మంతో నీళ్లు పీల్చుకుంటుంది. అందుకే తడి నేల మీద పొట్ట ఆనించి పరుచుకొని కూర్చుంటుంది. ఆ చర్మం మీద ఉప్పు పడితే నీరు లోపలికి పోయే బదులు బయటికి వచ్చేస్తుంది. అది కుతకుతలాడేది అందుకే. పరీక్షలో ఉల్లిపొర బొమ్మ వేసి ఐదు మార్కులు తెచ్చుకునే మనం, అదే సూత్రాన్ని స్నానాల గది దగ్గర ఒక ప్రాణి మీద ప్రయోగం చేయవలసిన పని లేదు.

ఆ పలుచని చర్మమే దాని కష్టాలకు మూలం. చేవెళ్ల టమాట, క్యారెట్, పూలు హైదరాబాద్ మార్కెట్లకు పోతాయి. మనలో చాలామంది ఆదివారం తోటల్లో అమ్మానాన్నలతో కూలికి పోయినవాళ్లమే. అక్కడ మందు కొట్టినప్పుడు ఆకు మీద పడ్డది సగం, నేల మీద పడ్డది సగం. నేల మీద పడ్డదాన్ని పొట్టతో పీల్చుకునేది కప్ప. చీమలు, చెదలు, పెంకుపురుగులు తిని బతికే జీవి పొలం మనిషికి చెరుపు చేసేది కాదు, ఇది ఏ రైతైనా ఒప్పుకుంటాడు.

గోదురుకప్ప గుడ్లు ముద్దగా ఉండవు. జిగురు దారంలో నల్లపూసలు గుచ్చినట్టు పొడుగ్గా, రెండు పోగులుగా గడ్డి చుట్టూ అల్లుకొని ఉంటాయి. వాటి నుంచి వచ్చే తోకకప్పలు బొగ్గు ముక్కల్లాగా నల్లగా, గుంపులుగా తిరుగుతాయి. కాళ్లు వచ్చి, తోక కరిగి, ఒడ్డెక్కేదాకా కొన్ని వారాలు నీళ్లు నిలవాలి. చిన్న గోదురుకప్ప ఇందుకోసం పెద్ద చెరువును ఎంచుకోదు. వానకు నిండి తర్వాత ఎండిపోయే గుంటను ఎంచుకుంటుంది. పెద్ద నీళ్లలో చేపలుంటాయి, అవి తోకకప్పలను మిగలనివ్వవు. గుంటలో చేపలుండవు. కాని గుంట ఎండిపోతుంది. చేపకు దొరకకుండా, ఎండకు చిక్కకుండా పిల్లలు పెద్దవాలి. ప్రతి వానకాలం ఆ పందెమే.

ఇక్కడే మన ప్రాంతం సంగతి వస్తుంది. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడటానికి, తాగునీటికి కట్టినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మూసీ నీళ్లు దానిలోకి, ఈసీ నీళ్లు దీనిలోకి. మన మండలాలు ఈ రెండు ఏర్ల నడుమ ఉన్నాయి. ఈ జలాశయాల పరీవాహకంలో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెడుతూ 1996 మార్చిలో జి.ఓ. 111 వచ్చింది. ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 వచ్చింది. దీని మంచిచెడ్డల మీద మా ఊళ్లల్లో రచ్చబండ దగ్గర రెండు పక్షాలూ ఉన్నాయి. భూమి ఉన్నవాడికి ధర కావాలి, అందులో తప్పు లేదు. భూమి లేనివాడికి ఏం వస్తుందన్నది వేరే ప్రశ్న. మేము చెప్పేది మాత్రం ఒక్కటి. ఆ జి.ఓ.ల్లో లెక్కకు వచ్చినవి పెద్ద సాగర్లు. బీడులో మోకాలి లోతు నిలిచే వాన గుంటకు సర్వే నంబరు ఉంటుంది గానీ పేరుండదు. వెంచరు వేసినప్పుడు మొదట జేసీబీ చదును చేసేది దాన్నే. కప్పను ఎవరూ చంపనక్కర్లేదు. గుంట పోతే రెండు మూడు వానకాలాల్లో కూత ఆగిపోతుంది.

స్కేబర్‌ను ప్రపంచ పరిరక్షణ సంఘం ప్రమాదం తక్కువ ఉన్న జాతుల్లోనే చేర్చింది. కాబట్టి ఇది రేపే అంతరించిపోతుందని మేము భయపెట్టం. అయితే 2023లో వచ్చిన ప్రపంచ స్థాయి అంచనా ప్రకారం ఉభయచరాల్లో నూటికి 41 జాతులు ముప్పులో ఉన్నాయి. పక్షులకంటే, జంతువులకంటే ఇది ఎక్కువ. దేశమంతా చూస్తే ఫరవాలేదు అన్న జాతి కూడా ఒక ఊరి నుంచి మాయం కావచ్చు.

స్థానిక జాతి అంటే ఏమిటో కూడా ఒక మాట. మన గడప ముందు మంచి చేసే పెద్ద గోదురుకప్పే ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవిలో శత్రువు అయింది. ఓడల్లో వచ్చే సరుకులతో పాటు చేరి ఉంటుందంటారు. 2014లో అక్కడి తోమసీనా రేవు పట్టణం దగ్గర బయటపడింది. అక్కడి పాములకు ఈ విషం కొత్త, తింటే చస్తాయి. 1935లో ఆస్ట్రేలియా వాళ్లు చెరకు పురుగును తింటుందని హవాయి నుంచి మరో గోదురుకప్పను తెచ్చుకొని ఇప్పటికీ తలపట్టుకుంటున్నారు. మన దగ్గర మాత్రం జెర్రిపోతూ, నీళ్లపామూ తరతరాలుగా గోదురుకప్పను తిని అరిగించుకుంటున్నాయి. జాతి మంచిదా చెడ్డదా అని ఉండదు. ఎక్కడిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాము మాట వచ్చింది కనుక, కప్ప ఉన్న చోటికి పాము వస్తుందని భయపడేవాళ్లకు మా సలహా: కప్పను చంపవద్దు, మెస్ వెనుక ఎంగిలి, చెత్త కుప్ప పడకుండా చూడండి, రాత్రి బయటికి పోయేటప్పుడు టార్చి తీసుకుపోండి.

వానలు మొహం చాటేస్తే మన ఊళ్లల్లో కప్పతల్లి ఆడటం మీకు తెలిసిందే. రోకలికి కప్పను కట్టి, వేపమండలు పెట్టి పిల్లలు ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. కప్ప కూస్తే వాన వస్తుందనుకున్నారు పెద్దలు. నిజానికి వాన తడి తగిలితే కప్ప కూస్తుంది. కానీ వానకూ కప్పకూ ఉన్న చుట్టరికాన్ని వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఒక్క రోజు తల్లి అని మొక్కి, మిగతా రోజుల్లో ఉప్పు చల్లడమే మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు చేయదగిన పని. మిరుగం కార్తె నుంచి దసరా సెలవుల దాకా స్టడీ అవర్ అయిపోయాక పది నిమిషాలు చాలు, అదీ వార్డెన్ సార్ అనుమతితో, ఇద్దరిద్దరుగా. కప్పను పట్టనవసరం లేదు. పక్కన స్కేలు పెట్టి, ఫోను ఉన్న అన్నతో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల దగ్గర ఒకటి ఫొటో తీయించాలి. తప్పక పట్టుకోవాల్సి వస్తే చేయి తడి చేసుకొని పట్టాలి, పొడిచేయి దాని చర్మానికి మంచిది కాదు. తేదీ, వాన పడిందా లేదా, ఎక్కడ కనబడింది, ఎంత పొడుగు, గట్లు ఉన్నాయా, వాటి అంచు నలుపా, కూస్తున్నదా, జతలో ఉన్నదా, ఇవి రాయాలి. తేలకపోతే "తేలలేదు" అనే రాయాలి. దాని పక్కన పేరు ఊహించి రాస్తే ఆ పేజీ పనికిరాదు.

ఇందుకోసం రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి రీడింగ్ రూమ్ అలమారలో పెట్టాం. మొదటి పేజీలో ఒక గడి ఖాళీగా ఉంచాం. ఈ చిన్న గోదురుకప్పకు జర్మనీ పండితుడి పేరుంది, లాటిన్ పేరుంది. మన ఊళ్లల్లో బర్లు కాసేవాళ్లు, బావులు తవ్వినవాళ్లు దీన్ని ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు ఇంటి దగ్గర తాతనో, అవ్వనో అడిగి, ఊరి పేరుతో సహా ఆ గడిలో రాసిపోవాలని కోరుతున్నాం.